క్లౌ దొర గురించి రాస్తానన్న మేనకోడలికి

బుజ్జమ్మా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి, మన వైపు పనిచేసిన క్రైస్తవ నాయకుల జీవితాలు, వాళ్ళ వల్ల ఊళ్ళల్లో వచ్చిన మార్పు పుస్తకంగా రాస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతులో సగం భయం, సగం గొప్ప. నాకూ అంతే. మన ఇళ్ళల్లో పుస్తకాలు చదివినవాళ్ళు ఉన్నారు గానీ రాసినవాళ్ళు లేరు. ఇదంతా వాట్సాప్‌లో పెట్టొచ్చుగా అంటావు. ఇంత సంగతి బొటనవేలితో కొట్టడం నా వల్ల కాదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. రికార్డ్ చేసేముందు అడుగు. ఫోన్ ఛార్జింగ్ చూసుకో. మధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద తిరగకు. ముసలివాళ్ళు ఏం పెట్టినా వద్దనకుండా తిను, వద్దంటే మాట ఆగిపోతుంది. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు దొరికితే ఆలస్యం చేయకుండా ఫోటోలు తియ్యి, చెదపురుగు నీ సెలవు అయిపోయేదాకా ఆగదు.

పదిమంది నాయకుల మీద రాస్తానన్నావట. వద్దు తల్లీ. డోర్నకల్ అజరయ్య గారు, గుంటూరులో మిషన్ డాక్టరు కుగ్లర్ అమ్మగారు, మెదక్ మిషనరీ పోస్నెట్ దొరగారు, అందరినీ ఒకే పుస్తకంలో కుక్కితే స్కూల్లో అతికించే చార్టులా తయారవుతుంది. అజరయ్య గారొక్కరికే ఒక పుస్తకం కావాలి. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు, ముప్పై అయిదో ఏట మన తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరో సభలో తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, మాకు మీ డబ్బూ త్యాగమూ ఇచ్చారు, స్నేహం కూడా ఇవ్వండి అని అడిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన్ని రెండు పేజీల్లో రాస్తే ఆయనకీ అన్యాయం, నీకూ అన్యాయం. నువ్వు ఒంగోలు రాయి. నీ కాళ్ళకింద ఉన్నది అదే.

ఒంగోలు అనగానే అందరూ అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరతో మొదలుపెడతారు. నువ్వు పేరయ్యతో మొదలుపెట్టు. యెర్రగుంట్ల పేరయ్య, తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆ పని మీద ఏలూరు వైపు వెళ్ళి అక్కడి మిషనరీ దగ్గర క్రీస్తు మాట విన్నాడు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర కాపురానికి ఒంగోలు వచ్చింది కూడా ఆ ఏడాదే, ఆ తర్వాత. అంటే దొర బండి దిగేటప్పటికి పేరయ్య అప్పటికే ఊళ్ళు తిరిగి చెబుతున్నాడు. పైగా పేరయ్య అంతకుముందు యోగం నేర్చినవాడు, గురువుల దగ్గర కూర్చున్నవాడు. ఆ భాగం రాయడానికి మనవాళ్ళు జంకుతారు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా గారు మాత్రం జంకలేదు. మాదిగ పెద్దల నోటి నుంచి విన్న ఈ కథలన్నీ 1899లోనే ఇంగ్లీషులో పుస్తకంగా వేశారు. ఆవిడకి లేని సిగ్గు మనకెందుకు? దేవుణ్ణి వెతుక్కుంటూ అన్ని గడపలూ తొక్కిన మనిషి ఆయన. మొదటి గడపల్ని చెరిపేస్తే చివరి గడప దాకా ఎలా వచ్చాడో ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మన ఊరి గుడి వజ్రోత్సవానికి ఒక సావనీర్ వేశారు. నేను అప్పుడు ప్రెస్‌కీ కమిటీకీ మధ్య ప్రూఫులు మోసే కుర్రాణ్ణి. కమిటీలో అందరూ చదువుకున్నవాళ్ళే, భక్తిపరులే, పేర్లు నీకనవసరం. క్లౌ దొర చరిత్రకి పెద్ద వ్యాసం రాయించారు. దాన్లో 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర దొరగారు 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మం ఇచ్చారని వేశారు. కరువు ఊసు లేదు. కాలవ ఊసు లేదు. ఆత్మ దిగింది, జనం వచ్చారు, అంతే.

కరువు ఎందుకు తీసేశారంటే, గంజి కోసం మతం మారారని ఎవరన్నా అంటారని భయం. మా చిన్నతాత, నీకు ముత్తాత వరస, అప్పటికి బాగా ముసలివాడు. వాళ్ళ నాన్న ఆ కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వినవాడు. చిన్నతాత చెప్పినవన్నీ సావనీర్ కోసం ఒకాయన రాసుకెళ్ళాడు. నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. 1876లో వానలు పోయాయి. సర్కారు కరువు పనులు పెట్టింది. కానీ మాదిగవాళ్ళు వెళితే మేస్త్రీల తిట్లు, తన్నులు, కూలిలో కోతలు. అప్పుడు క్లౌ దొర ఆ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. సంఘంలో బోధించే మనవాళ్ళనే పని మీద పెత్తనానికి పెట్టాడు. మొదటిసారి మాదిగవాడి మీద అజమాయిషీకి మాదిగవాడే నిలబడ్డాడు, కూలి సరిగా చేతికొచ్చింది. అలసి కూర్చున్నప్పుడు ఆ బోధకులు 'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా' అన్న వాక్యం చెప్పేవాళ్ళు. తలమీద మట్టితట్ట మోస్తున్నవాళ్ళకి దానికి వివరణ అక్కర్లేదు కదా.

ఆ మొత్తం పేజీ కమిటీ కొట్టేసింది. 'ఇది బయటివాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టు' అన్నారు. సావనీర్ వచ్చాక చిన్నతాత నన్ను పిలిచి, నా మాట ఎక్కడుందో చదవరా అని కూర్చున్నాడు. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. చివరికి ఆయనే, పోన్లేరా, కాగితం చాల్లేదేమో అన్నాడు.

దాచినందువల్ల జరిగిందేమిటో విను. ఆ తర్వాత నేను స్కూల్లో టీచరుగా చేరాక, స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఆ సావనీర్ తెచ్చి అందరి ముందూ అడిగాడు: 'మాస్టారూ, ఇక్కడ లక్షల మంది చచ్చిన కరువు మీ పుస్తకంలో ఒక్క ముక్క లేదేం? దాచాల్సింది ఏముంది?' అసలు నిజం మనవైపే ఉంది, బుజ్జమ్మా. కరువు పని నడిచిన రోజుల్లో, దాదాపు పదిహేను నెలలు, క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. గంజికీ గుడికీ ముడి పెట్టకూడదని ఆయన పట్టుపట్టాడు. అడిగినవాళ్ళని ఆగమన్నాడు. కాలవ పని అయిపోయి, పంచడానికి డబ్బులు కూడా లేని రోజున వచ్చినవాళ్ళు ఆ 2,222 మంది. ఆ ఏడాది చివరికి 9,606 మంది అయ్యారు. ఇదంతా అచ్చులో ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. కరువుతో పాటు మన జవాబునీ మనమే కత్తిరించి పారేశాం.

ఇంకో సంగతి. ఆ రోజు నీళ్ళల్లో దిగింది క్లౌ దొర కాదు. ఆయన ఒడ్డున ఉన్నాడు. బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. తమలోనివాడి చేతుల మీదుగానే వాళ్ళు నీళ్ళల్లో మునిగారు. అది దొరగారు కావాలని చేసిన పని. మన సావనీర్ మాత్రం ఆయన వద్దనుకున్న గొప్ప ఆయనకే కట్టబెట్టింది.

అలాగని కరువులో తిండి పెట్టినందుకు కృతజ్ఞతతో ఎవరూ రాలేదని కూడా రాయకు. వచ్చారు. ఆకలితో ఉన్నప్పుడు మనిషిగా చూసినవాడి వెంట వెళ్ళడంలో తప్పేముంది? ఆ కడుపుల్ని వెనకేసుకొస్తూ రాయక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాయి.

మార్పు గురించి అడుగుతావుగా, పెద్దపెద్ద మాటలు వాడకు. క్లౌ దొర చేరినవాళ్ళకి మూడే చెప్పాడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చూడ్డానికి గుడి సంగతులే. కానీ ఆదివారం పని మానడమంటే కోతల రోజున కామందు పొలానికి వెళ్ళకపోవడం. మొక్కొద్దంటే జాతరలో డప్పు కొట్టకపోవడం. ఊరి కట్టుబాటు అక్కడ తెగింది. అందుకే కరణాలూ మునసబులూ కోపగించారు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు, కేసులు పెట్టారు. నువ్వు వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఇదే అడుగు: 'ఆదివారం పని ఎప్పుడు మానారు? మానితే ఏం జరిగింది?' భక్తి గురించి అడిగితే ప్రసంగం చెబుతారు. ఇది అడిగితే కథ చెబుతారు.

మిషనరీలు అమెరికాకి పంపిన రిపోర్టులు చదివేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకో. అవి చందాలిచ్చేవాళ్ళ కోసం రాసినవి. లెక్కలు ఉంటాయి, దొరగారి ప్రయాణాలు ఉంటాయి, మనవాళ్ళు 'ఒక బోధకుడు', 'ఒక బైబిల్ స్త్రీ' (ఆడవాళ్ళకి బైబిలు చదివి చెప్పే మనిషి) అని ఉంటారు. ఆ బైబిల్ స్త్రీ పేరు పట్టుకోవడమే నీ పని. అక్షరం వచ్చిన ఆడమనిషి వాడలో ఆవిడొక్కతే అయ్యుండొచ్చు. వాళ్ళ మనవరాళ్ళు నీ వయసువాళ్ళే, బహుశా నర్సులో టీచర్లో అయ్యుంటారు. వెతుకు. సంఘాల్లో లోపాలు కూడా రాయి. వేర్వేరు మిషన్లు వేర్వేరు కులాల్లో వేళ్ళూనాయని, మిషన్ కాంపౌండు గోడల లోపల కూడా ఆ గీతలు పూర్తిగా చెరగలేదని అందరికీ తెలుసు. జాషువా గారిని ఒకవైపు కులమూ మరోవైపు సంఘమూ రెండూ నొప్పించాయి. ఆయన కావ్యాలు ఆ మధ్యలోంచే వచ్చాయి.

ఇప్పుడు తిడుతున్నాననుకోకు. బతికున్నవాళ్ళ పేర్లు, ఫోటోలు మాత్రం వెయ్యకు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకా అలాగే ఉంది. క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన దగ్గర బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందుకే చాలా ఇళ్ళల్లో బడి పేరు ఒకటి, గుడి పేరు ఒకటి. అది న్యాయమా కాదా అన్నది ఇంకో పుస్తకం, ధైర్యముంటే అదీ రాయి. కానీ నువ్వు మురిపెంగా వేసిన ఒక ఫోటో పట్టుకుని ఎవడో ఒక పిల్లాడి సర్టిఫికెట్ మీద పిటిషన్ పెట్టాడనుకో, ఆ తల్లికి నువ్వేం చెబుతావు? చనిపోయినవాళ్ళ పేర్లు గుండెనిండా రాయి. బతికున్నవాళ్ళకి పేరు మార్చు, ఊరు మార్చు. ఇది సలహా కాదు, నా మాటగా తీసుకో.

నెట్లో తిట్టేవాళ్ళు తిడతారు. ఒకడు మతమార్పిడి పుస్తకం అంటాడు, ఇంకొకడు దొరని తగ్గించావంటాడు. రాత్రి పదకొండింటికి కూర్చుని వాళ్ళకి జవాబులు టైప్ చెయ్యకు. నువ్వు చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా వాక్యం ఒక మాట తప్పు చెప్పావని టీచరమ్మ అంటే, ఇంటికొచ్చి బైబిలు తీసి చూసుకుని, మర్నాడు వెళ్ళి ఆవిడకే చూపించావు. నీదే రైటు. ఆ పిల్లే రాస్తోందని నాకు ధైర్యం.

సంఘం సెక్రటరీ గారితో మాట్లాడాను. పాత రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయట, మంగళవారం పదింటికి వస్తే తీస్తానన్నాడు. జెరాక్స్ షాపుకి ఇచ్చి పంపుతానంటాడు, ఒప్పుకోకు, అక్కడే టేబుల్ మీద ఫోటోలు తీసుకో. బస్సుకే రా. మీ అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది.

నీ మామయ్య