ఒకే ట్రిప్పులో ఐదారు చోట్ల సరుకు దించే లారీ డ్రైవరుకు రోజు ఎలా గడుస్తుంది?

మీ తమ్ముడు ఈ పనిలోకి వస్తానంటున్నాడని, రోజుకు ఎన్ని గంటలు నడపాల్సి వస్తుందని అడిగారు. నడిపే గంటలు మీరు భయపడేంత ఉండవు. ఎదురుచూసే గంటలకు మాత్రం లెక్క లేదు.

నేను పద్నాలుగేళ్లు విజయవాడ ఆటోనగర్ నుంచి కలకత్తాకు పార్శిలు లోడు తోలాను. దారి సుమారు 1,200 కిలోమీటర్లు. పూర్తి లోడు బండి అయితే ఒకచోట ఎత్తి ఒకచోట దించి రావచ్చు. మాకు రాజమండ్రిలో మందుల పెట్టెలు, గాజువాకలో బేరింగులు, శ్రీకాకుళంలో రంగుల డబ్బాలు, బరంపురంలో మోటార్లు, భువనేశ్వర్‌లో పైపులు దించాక మిగిలినది కలకత్తా సరుకు.

ఈ పనిలో అసలు కిటుకు స్టీరింగు దగ్గర లేదు, లోడు ఎత్తే చోట ఉంది. చివర దిగాల్సింది ముందు ఎక్కాలి, ముందు దిగాల్సింది తలుపు దగ్గర ఉండాలి. బరువైనది అడుగున, పగిలేది పైన ఉండాలి. ఈ రెండు సూత్రాలూ ఒకదానితో ఒకటి పడవు. మోటార్లు బరువు కాబట్టి కింద వేయాలంటాడు మేస్త్రి. వేస్తే బరంపురంలో పైనున్న కలకత్తా పెట్టెలన్నీ దించి మళ్లీ ఎక్కించాలి. ఆ బేరం రాత్రి పదింటికి మొదలై ఒంటిగంట దాకా సాగేది.

ఒకసారి ఆ మూడు గంటలు నేను క్యాబిన్‌లో పడుకున్నాను. పొద్దుటి నుంచీ నిద్ర లేదు, గుమాస్తా చూసుకుంటాడులే అనుకున్నాను. శ్రీకాకుళంలో తలుపు తీస్తే రంగుల డబ్బాలు ముందు గోడకు ఆనుకుని ఉన్నాయి, వాటికి అడ్డంగా భువనేశ్వర్ పైపులు. బయట వాన. హమాలీలు రెండింతల కూలి అడిగారు. అడగరా మరి? పైపులన్నీ రోడ్డు పక్కన పట్టా పరిచి దించాం, డబ్బాలు తీశాం, మళ్లీ పైపులు ఎక్కించాం. ఐదు గంటలు పట్టింది. నాలుగు డబ్బాలు సొట్టపోయాయి. ఆ సొట్టలు నా జీతంలో తేలాయి. తప్పు గుమాస్తాదే, కానీ అప్పుడు కళ్లు మూసుకున్నది నేను. ఆ తరువాత ఎంత నిద్ర వచ్చినా లోడు దగ్గరే నిలబడ్డాను.

కాగితాల సంగతి కొత్తవాళ్లకు తొందరగా అర్థం కాదు. ఈ-వే బిల్లుకు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రానికి, ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. కలకత్తా సరుకుకు ఆరు రోజులు వస్తాయి, రాజమండ్రి సరుకుకు ఒక్క రోజే. శనివారం రాత్రి బిల్లు చేస్తే ఆదివారం అర్ధరాత్రికి దాని గడువు తీరుతుంది. ఆదివారం దుకాణానికి తాళం. అంటే అన్నిటికంటే దగ్గరి సరుకే మనల్ని ముందు చిక్కుల్లో పెడుతుంది! గడువు తీరడానికి ముందు 8 గంటల్లో గానీ, తీరిన తరువాత 8 గంటల్లోపు గానీ పొడిగించే వీలుంది. దానికి ఆఫీసులో ఎవరో ఒకరు ఫోను ఎత్తాలి, అంతే.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఇచ్ఛాపురం దగ్గర పన్నుల చెక్‌పోస్టు వరుసలు పోయాయి. హమ్మయ్య అనుకున్నాం. ఆ ఎదురుచూపు గోడౌను గేటు దగ్గరికి మారిందని తరువాత తెలిసింది. తొమ్మిదింటికి చేరితే యజమాని పదకొండుకు వస్తాడు, హమాలీలు భోజనానికి వెళతారు, లెక్క చూసేసరికి నాలుగు. ఈలోగా పెద్ద బండ్లు ఊళ్లోకి రాకూడని సమయం మొదలైతే రాత్రి దాకా అక్కడే. కలకత్తాలోనూ అంతే, పగలు ఊరి బయట ధూలాగఢ్ దగ్గర ఆపుకొని చీకటి పడ్డాక కదిలేవాళ్లం. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఇంజను ఆపితే ఏసీ కూడా ఆగుతుంది, మేము ఉడికిపోయేది ఆగిన బండిలోనే.

తిండికి ఇబ్బంది పడలేదు. చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ఎప్పుడూ బండిలో ఉండేవి. బాలుగావ్ దాటే ముందు చిలికా సరస్సు కనిపించే చోట బండి ఆపి వండుకునేవాళ్లం. క్లీనరు కుర్రవాడు అన్నం వార్చేలోపు నేను టైర్లు తట్టి చూసుకొని, ఇంటికి ఫోను చేసేవాణ్ణి. రోజు మొత్తంలో నాకోసం మిగిలిన అరగంట అది. నిద్ర మాత్రం దొంగల భయంతో డీజిల్ ట్యాంకు వైపు ఒక చెవి పెట్టుకునే.

మీ తమ్ముణ్ణి ముందు రెండు ట్రిప్పులు క్లీనరుగా వెళ్లి చూడమనండి. లైసెన్సు ఉన్నా సరే. సరుకు దించిన ప్రతిచోటా రసీదు మీద సంతకంతో పాటు దుకాణం ముద్ర కూడా వేయించుకోవాలి, వెంటనే ఫోనులో ఫొటో తీసుకోవాలి. ముద్ర లేని రసీదు తెస్తే ఆఫీసులో మిగతా కిరాయి ఆపేస్తారు. ఒక్క ముద్ర కోసం నేను బరంపురం నుంచి బస్సెక్కి శ్రీకాకుళం వెనక్కి వెళ్లాను.