గొంతు గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా రేడియో స్వర్ణయుగపు క్యారెక్టర్ ఆర్టిస్టు పార్లే బేర్ మీద నీవు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంతో శ్రద్ధగా రాశావు గానీ, మొదటి వాక్యంలోనే అతణ్ణి టెలివిజన్ చేతిలో ఓడినవాడు అన్నావు. అది నాకు మనసొప్పలేదు.

పాత పడమటి అమెరికాలోని ఒక మార్షల్ (శాంతిభద్రతల అధికారి), అతని సహాయకుడు చెస్టర్ కథలు చెప్పే ‘గన్‌స్మోక్’ ధారావాహిక సీబీఎస్ రేడియోలో 1952 ఏప్రిల్‌లో మొదలైంది. 1955లో అది టెలివిజన్‌కు వెళ్లినప్పుడు మార్షల్ పాత్ర రేడియోలో దాన్ని పోషించిన విలియం కాన్రాడ్‌కు కాక జేమ్స్ ఆర్నెస్‌కూ, చెస్టర్ పాత్ర బేర్‌కు కాక డెనిస్ వీవర్‌కూ దక్కిన మాట నిజమే. అయితే రేడియో ధారావాహిక 1961 జూన్ దాకా నడిచింది, ఆఖరి దాకా చెస్టర్ గొంతు బేర్‌దే. టెలివిజన్ వచ్చాక కూడా అతడు ఆ పాత్రను బతికించిన ఆ అయిదారేళ్లను నీవు ఒక్క వాక్యంలో దాటేశావు.

అసలు రాయవలసింది ఆ పని గురించి. రేడియో నటుడికి వేషం లేదు, చేతిలో స్క్రిప్టు, ఎదుట మైకు, అంతే. దూరం నుంచి వస్తున్న మనిషిగా వినిపించాలంటే మైకుకు ఎడంగా నిలబడి మాట మొదలుపెట్టి, మాటతో పాటే దగ్గరికి జరగాలి. చదివిన పేజీని చప్పుడు కాకుండా తప్పించాలి. అవసరమైతే ఒకే నాటకంలో రెండు మూడు పాత్రలకు గొంతు మార్చాలి. అంతకు ముందటి రోజుల్లోనైతే పెద్ద నెట్‌వర్కులు రికార్డింగులను ఒప్పుకోనందున, తూర్పు తీరానికి వేసిన నాటకాన్నే కొన్ని గంటల తరువాత పడమటి తీరానికి మళ్లీ వేసిన సందర్భాలెన్నో ఉన్నాయి.

ఫ్రాంక్ రీడిక్‌ను గుర్తు చేసుకో. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ ప్రసారం చేసిన, అంగారక గ్రహవాసుల దాడిని వార్తల్లా వినిపించిన రేడియో నాటకం ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’లో విలేకరి పాత్ర అతనిది. అందుకోసం అతడు 1937లో హిండెన్‌బర్గ్ అనే ఎయిర్‌షిప్ (వాయువు నింపిన గాలి ఓడ) మంటల్లో కూలినప్పుడు రేడియో విలేకరి హెర్బర్ట్ మోరిసన్ కళ్లారా చూస్తూ చెప్పిన వర్ణన రికార్డును పదే పదే విన్నాడు. నాటకంలో అతని మాట మధ్యలోనే తెగిపోతుంది, ఆ వెంటనే వచ్చే నిశ్శబ్దం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. చరిత్రలో అది చిన్న పాత్రే, కానీ దాని వెనుక ఎంత వినికిడి ఉందో చూడు.

కాబట్టి బేర్ గొంతును ‘మృదువైనది’ అని విశేషణంతో సరిపెట్టకు. నేనూ తొలినాళ్లలో ఒక నటుణ్ణి గురించి ‘గంభీర కంఠం’ అని రాసి ఊరుకున్నాను. ఏళ్ల తరువాత చదువుకుంటే ఆ మాటలో ఆయన గొంతు వినబడలేదు, ఆ బాధ నాకు ఇంకా ఉంది. కనీసం పది భాగాలు కళ్లు మూసుకుని విను. చెస్టర్ ఎక్కడ తడబడతాడో, మార్షల్ మౌనంగా ఉన్నప్పుడు ఏ మాటతో ఆ ఖాళీని పూరిస్తాడో రాసుకో.

చెస్టర్‌కు ప్రౌడ్‌ఫుట్ అన్న ఇంటిపేరు స్క్రిప్టులోది కాదని, బేర్ అప్పటికప్పుడు అన్నదేనని నీవు చివరి పేరాలో ఎక్కడో మూలన రాశావు. టెలివిజన్‌లో చెస్టర్ ఇంటిపేరు గూడ్ అయింది. వ్యాసాన్ని ఆ ప్రౌడ్‌ఫుట్ దగ్గర మొదలుపెట్టి, తిరగరాసి నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి