మిషన్ గది తాళం నా దగ్గరే ఉంది

ఒరేయ్ నానీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పని మానేసి బెంగుళూరు పోయి రాక్ బ్యాండ్‌లో పాడతావట. ఆవిడ ఏడుపు విని నేనూ కోప్పడినట్టు నటించాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో "వీడు అచ్చం నా పోలికే" అన్నాను. ఈ మాట అమ్మకు చెప్పకు.

సంతకం పెట్టేముందు కాగితం చదువు. చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకో. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో.

నువ్వు జపించే ఆ అమెరికా రాక్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ గురించి చదివాను. శాన్‌డియాగోలో రాత్రి పెట్రోల్ బంకు డ్యూటీ, తెల్లారితే కెరటాల మీద సర్ఫింగ్ బోర్డు. 1990లో, గాయకుడి కోసం వెతుకుతున్న సియాటిల్ బ్యాండ్ వాళ్ల క్యాసెట్ విన్నాక సముద్రంలో ఉండగానే పాట తట్టిందట. మరుసటి ఏడాదికి వాళ్లతో కలిసి పెర్ల్ జామ్ పేరుతో మొదటి ఆల్బమ్. బాగుంది. నిద్రలేకుండా నీళ్లలోకి దిగడం మాత్రం నాకు నచ్చలేదు. రుషికొండలో నువ్వలా దిగావని తెలిస్తే బోర్డు విరగ్గొడతాను.

నా సంగతి విను. 1994 దసరా. అనకాపల్లిలో ఆర్కెస్ట్రా ప్రోగ్రాం, నాది గిటారూ గొంతూ. మూడింటికి అయింది. పొద్దున్నే విశాఖ వచ్చి పనిలో దిగాను, టేకు ద్వారబంధం. మిషన్ రంపానికి ఉండాల్సిన రేకు కవరు అడ్డమని ఎప్పుడో తీసేశారు. జానెడు ముక్క మిగిలింది. దాన్ని తోయడానికి వాడే చెక్కముక్క బల్లకి అవతల ఉంది, రెండడుగులు. బద్ధకించాను. కన్ను మూతపడింది. టేకు బిగుసుకుని వెనక్కి ఎగిరింది, ఎడమ చెయ్యి ముందుకు జారింది. నొప్పి తెలీలేదురా. పొట్టు ఎర్రబడటం చూశాను. చూపుడు వేలు, మధ్యవేలు, చివరి కణుపులు పోయాయి. కుట్లు వేస్తుంటే ఆదివారం ప్రోగ్రాముకి వెళ్లొచ్చా అని అడిగాను. డాక్టరు మాట్లాడలేదు.

గొంతుకేం కాలేదు. అయినా మైకు పట్టుకుంటే జనం చేతినే చూస్తారనుకుని పాటే మానేశాను. ఎవరూ చూసేవాళ్లు కాదని మీ అత్త ఇప్పటికీ తిడుతుంది. నువ్వు మాత్రం చిన్నప్పుడు ఆ వేళ్లు పట్టుకుని "ఎలుక కొరికిందా మావయ్యా" అనేవాడివి.

అక్కడ డబ్బు తగ్గితే వడ్రంగం చేస్తానంటున్నావు, చెయ్యి. ఉలులు సానబట్టి ఉంచాను, పెట్టెతో సహా తీసుకుపో. ప్రోగ్రాం మర్నాడు మాత్రం మిషన్ రంపం ముట్టుకోకు. వెళ్లేలోగా ఆ బీరువా పూర్తి చేస్తావటగా, చేతి రంపంతో కొయ్యి. మిషన్ గది తాళం నా జేబులో ఉంది.

మీ మావయ్య