నర్సింగ్ శిక్షణ బాధ్యత చేపట్టిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆస్పత్రిలో నర్సింగ్ సిబ్బంది శిక్షణ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. రోగుల సంరక్షణ మెరుగుపడాలంటే సిస్టర్లకు ఏయే పాఠాలు చెప్పాలో ఒక జాబితా రాసి పంపమని అడిగావు. జాబితా రాయడం తేలికే గాని, దానివల్ల నీకు పెద్దగా ప్రయోజనం ఉండదని నా నమ్మకం. ఇన్నేళ్లుగా వార్డుల్లో నేను గమనించినంతవరకు, నర్సులకు తెలియకపోవడం వల్ల రోగికి జరిగే నష్టం కంటే, తెలిసిన పని చేయడానికి వీలు చిక్కక, గమనించిన సంగతి చెప్పినా పట్టించుకునేవారు లేక జరిగే నష్టమే ఎక్కువ. అందువల్ల నేర్పడాన్నీ, వాళ్లు చెప్పేది వినడాన్నీ వేరు చేయకుండా ఒకే బాధ్యతగా భావించి మొదలుపెట్టు.

మొదటి కొన్ని వారాలు క్లాసులేవీ పెట్టకు. ప్రతి వార్డులోనూ, ప్రతి డ్యూటీలోనూ, ముఖ్యంగా నైట్ డ్యూటీలో కాసేపు ఉండి చూడు. డ్యూటీ దిగబోయే సిస్టర్‌ను పక్కకు పిలిచి, ‘ఈ రోజు నీ రోగులకు చేయాలనుకుని చేయలేకపోయిన పని ఏమిటి?’ అని అడుగు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులే నీ పాఠ్యప్రణాళిక. చేతుల శుభ్రత సంగతే తీసుకో. రోగిని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయవలసిన ప్రక్రియకు ముందు, రక్తం వంటి శరీర ద్రవాలు తగిలే అవకాశమున్న పని తరువాత, రోగిని ముట్టుకున్న తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో ఐదు సందర్భాలను చెప్పింది. వాటిని అడిగితే దాదాపు ప్రతి నర్సూ అప్పజెప్పగలదు. కాని శానిటైజర్ సీసా వరండా చివర ఉండి, మంచం దగ్గర లేకపోతే, ఒక డ్యూటీలో అన్నిసార్లు అంత దూరం నడవడం ఎవరివల్లా కాదు. అక్కడ కావలసింది మరొక క్లాసు కాదు, ప్రతి మంచానికీ చేతికందే దూరంలో ఒక సీసా. 1847లో వియన్నాలోని ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించగలిగినా, తోటి వైద్యుల్లో చాలామందిని ఒప్పించలేకపోయాడు. సరైన పద్ధతి కనిపెట్టడం ఒక ఎత్తు, పదిమంది చేత దాన్ని రోజూ చేయించడం మరొక ఎత్తు. నీకు అప్పగించింది ఆ రెండో పని.

ఇక బోధన సంగతి. సెమినార్ హాలులో తెర మీద బొమ్మలు వేసి గంటసేపు చెప్పేదానికంటే, మంచం పక్కన నిలబడి పది నిమిషాలు చూపించేదే నిలుస్తుంది. ఏదైనా వార్డుకు వెళ్లి చార్టులు తిరగేసి, శ్వాస రేటు రాసే గడిని చూడు. చాలాచోట్ల వరుసగా అందరికీ ఇరవై, ఇరవై అనే కనిపిస్తుంది. బీపీకీ, ఆక్సిజన్‌కూ యంత్రం ఉంది. శ్వాసను మాత్రం మనిషే నిలబడి లెక్కపెట్టాలి కనుక, తీరిక లేని వేళ ముందుగా వదిలేసేది అదే. నువ్వు ఆ సిస్టర్‌తో కలిసి వెళ్లి, నాడి చూస్తున్నట్టుగా రోగి మణికట్టు పట్టుకుని, ఛాతీ కదలికను నిండా ఒక నిమిషం లెక్కపెట్టి చూపించు. తన శ్వాసను లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి తెలియకుండానే ఊపిరి తీరు మార్చుకుంటాడు గనుక మణికట్టు వదలకూడదని కూడా అప్పుడే చెప్పు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి, 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరులో, అంటే రోగి కొలతలకు పాయింట్లు వేసి ప్రమాదాన్ని ముందే పసిగట్టే లెక్కలో, శ్వాస రేటు నిమిషానికి 25 గాని అంతకు మించి గాని ఉంటే, ఆ ఒక్క అంకెకే అత్యధికంగా మూడు పాయింట్లు పడతాయి. మొత్తం స్కోరు ఏడుకు చేరితే అది అత్యవసర స్థితి. రోగి పరిస్థితి విషమించబోతున్నదని చాలాసార్లు ముందుగా చెప్పేది శ్వాసేనని, ఆ గడిలో అలవాటుగా వేసిన ‘ఇరవై’ అనే అంకె వల్ల ఒక ప్రాణానికే ముప్పు రావచ్చని అర్థమైన నర్సు మళ్లీ ఊహించి రాయదు.

అయితే లెక్కపెట్టి, రాసి, డాక్టరుకు ఫోన్ చేసిన తరువాత ఏం జరుగుతుందన్నది అసలు ప్రశ్న. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసిన జూనియర్ సిస్టర్‌ను ‘ఇంతదానికే లేపాలా?’ అని కసిరితే, మరోసారి ఆమె తెల్లవారేదాకా ఆగుతుంది. ఆమెను చూసి మిగతా సిస్టర్లూ ఆగుతారు. నువ్వు ఎంత బాగా నేర్పినా ఆ ఒక్క కసురుతో అదంతా వృథా అవుతుంది. దీనికి రెండు వైపుల నుంచీ పనిచేయాలి. ప్రస్తుత పరిస్థితి, నేపథ్యం, తన అంచనా, తాను కోరుతున్న చర్య అనే నాలుగు మాటల్లో సంగతి చెప్పే ఎస్‌బార్ పద్ధతిని సిస్టర్లకు అభ్యాసం చేయించు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి అది. ‘రోగి బాగా లేడండీ’ అనడానికీ, ‘శ్వాస 28 ఉంది, గంట కిందట 20 ఉండేది, ఇన్‌ఫెక్షన్ ముదురుతోందని నా అనుమానం, మీరు వెంటనే వచ్చి చూడాలి’ అనడానికీ ఎంత తేడా ఉందో నీకు వేరే చెప్పనక్కరలేదు. రెండోవైపు, ఏ స్కోరుకు ఎవరు ఎంతసేపట్లో వచ్చి చూడాలో డాక్టర్ల సంతకంతో రాతపూర్వకంగా పెట్టించు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2003లో మొదలై, 2006లో ఫలితాలు వెలువడిన కార్యక్రమం గురించి నువ్వు తప్పక తెలుసుకోవాలి. నూటికి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) వేసేటప్పుడు పాటించవలసిన ఐదు జాగ్రత్తల పట్టికను ప్రవేశపెట్టారు. అందులో ఏ ఒక్కటి తప్పినా, అత్యవసరం కాని సందర్భాల్లో, డాక్టరును ఆపే అధికారం పక్కనున్న నర్సుకు ఇచ్చారు. పద్దెనిమిది నెలల్లో లైన్ల వల్ల వచ్చే రక్త ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. ఆ ఐదు జాగ్రత్తల్లో ఒక్కటీ కొత్తది కాదు. నర్సు ఆపమంటే యాజమాన్యం ఆమె వెనక నిలబడటమే అక్కడ కొత్త విషయమని నా అభిప్రాయం.

హ్యాండోవర్‌ను, అంటే డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతులు అప్పగించడాన్ని, నర్సింగ్ స్టేషన్ బల్ల దగ్గర జరగనివ్వకు. డ్యూటీ దిగేవారూ ఎక్కేవారూ కలిసి మంచం దగ్గరకు వెళ్లాలి. దుప్పటి తీసి సెలైన్ సూది దగ్గర వాపు ఉందేమో, యూరిన్ బ్యాగు నేలకు తగులుతోందేమో, మడమలు ఎలా ఉన్నాయో ఇద్దరూ చూడాలి. రోగిని కూడా పలకరించి, తన గురించి చెబుతున్నదాంట్లో ఏమైనా తప్పితే చెప్పమనాలి. దీనికి మొదట్లో ఎక్కువ సమయం పడుతుందని సణుగుతారు, ఓపిక పట్టు.

ఒకేసారి పది మార్పులు తలకెత్తుకోకుండా ఒక్కదాన్నే పట్టుకోమని గట్టిగా చెబుతున్నాను. ఏది ముందు చేయాలో వార్డు సిస్టర్లనే ఎంచుకోనివ్వు. వాళ్లు బెడ్ సోర్లను, అంటే మంచం మీద కదలకుండా ఉండటంతో ఒత్తిడికి పడే పుండ్లను, ఎంచుకున్నారనుకుందాం. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు రూపొందించగా 1987లో వెలువడిన బ్రేడెన్ స్కేలులో ఆరు అంశాలున్నాయి. మొత్తం 18 గాని అంతకు తక్కువ గాని వస్తే ఆ రోగికి పుండ్లు పడే ప్రమాదం ఉన్నట్టు. స్కోరు వేయడంతో పాటు, ఎర్రబడిన మడమను వేలితో నొక్కి వదలడం కూడా నేర్పు. నొక్కినచోట తెల్లబారకుండా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైందని అర్థం. నల్లని చర్మం మీద ఎరుపు కనబడకపోవచ్చు కనుక, ఆ చోటు వేడిగానో గట్టిగానో ఉందేమో తాకి చూడమని చెప్పు. ఆ నెలలో కొత్తగా ఎన్ని పుండ్లు వచ్చాయో వార్డు గోడ మీద వాళ్ల చేతే రాయించు. ఆ అంకెను ఎవరినీ దండించడానికి వాడకూడదు. ఒక్కసారి దాని పేరుమీద మెమో ఇచ్చారంటే, ఆ తరువాత గోడ మీద సున్నాలు తప్ప నిజం కనబడదు. పుండు వచ్చిన ప్రతిసారీ ఆ వార్డువాళ్లంతా కూర్చుని, ఒత్తిడి తగ్గించే పరుపు సమయానికి దొరికిందా, రోగిని తిప్పడానికి రెండో మనిషి ఉన్నారా అని మాట్లాడుకోవాలి.

మనుషులు చాలని చోట శిక్షణతో ఆ లోటు పూడ్చవచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, శస్త్రచికిత్స రోగుల విషయంలో, ఒక నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పెరిగినకొద్దీ ముప్పై రోజుల్లో మరణించే అవకాశం ఏడు శాతం చొప్పున ఎక్కువగా కనబడింది. అదే బృందం యూరప్‌లోని తొమ్మిది దేశాల ఆస్పత్రులను పరిశీలించి 2014లో వెల్లడించిన దాని ప్రకారం, డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం ఎక్కువగా ఉన్నచోట మరణావకాశం ఏడు శాతం తక్కువ. సంఖ్య, చదువు రెండూ కావాలని యాజమాన్యానికి చెప్పడానికి ఈ రెండు ఆధారాలూ నీ దగ్గర ఉంచుకో.

బోధించేవారిని బయటి నుంచి తెచ్చే ముందు నీ సీనియర్ సిస్టర్లను చూడు. పసిపిల్లలకు కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడంలో ఒకరి చేయి తిరిగి ఉంటుంది, ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబంతో మాట్లాడటం మరొకరికి బాగా తెలిసి ఉంటుంది. వాళ్ల చేతే నేర్పించు, ఆ సమయాన్ని డ్యూటీ గంటల్లోనే లెక్కగట్టించు. నైట్ డ్యూటీ దిగి, నిద్ర ముంచుకొస్తున్న మనిషిని క్లాసులో కూర్చోబెట్టడం అన్యాయమే కాదు, వ్యర్థం కూడా. సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) వంటి నైపుణ్యాలు కొద్ది నెలల్లోనే మొద్దుబారుతాయి కాబట్టి, ఏడాదికోసారి పెద్ద క్లాసు పెట్టే బదులు తరచుగా కొద్ది నిమిషాలు శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీద చేయించు.

వచ్చే వారం మెడికల్ సూపరింటెండెంట్‌ను కలుస్తున్నానని రాశావు. రెండు విషయాలు అడిగి రాతలో తీసుకో. శిక్షణ సమయాన్ని డ్యూటీ చార్టులో చేర్చాలి. సిస్టర్లు రాతపూర్వకంగా చెప్పిన ప్రతి ఇబ్బందికీ, అది తీర్చగలిగినా తీర్చలేకపోయినా, పదిహేను రోజుల్లో కారణంతో సహా జవాబు రావాలి. ఆ కాగితం నీ చేతికి వచ్చిన తరువాతే మొదటి క్లాసుకు తేదీ వేసి, ఏ వార్డుతో మొదలుపెడుతున్నావో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పాత ఇన్‌చార్జి సిస్టర్