సిర గట్టిపడిందంటే మూసుకుపోతున్నట్టేనా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. బొటనవేలి పుండు మానకపోవడంతో మూడు నెలల క్రితం అదే కాలి సిరతో బైపాస్ చేశారు, అంటే మూసుకున్న ధమనిని తప్పించి రక్తానికి పక్కదారి వేశారు. పుండు చాలావరకు మానింది. మొన్న డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) రిపోర్టులో ‘గ్రాఫ్ట్ గోడ మందంగా, గట్టిగా ఉంది’ అని రాశారు. గ్రాఫ్ట్ అంటే ఆ కుట్టిన సిరేనట. మోకాలి లోపలి వైపు తాకితే తాడులా తగులుతోంది. మళ్లీ మూసుకుపోతుందా? నూనె రాసి మర్దన చేయవచ్చా?

జవాబు: మర్దన మాత్రం వద్దండి. గట్టిపడటమంటారా, మూడో నెలలో చాలావరకు మామూలే. పడుకున్నప్పుడు కాలి సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దాన్ని ధమని స్థానంలో కుట్టగానే సగటున 90, 100 మీద పడుతుంది. మెత్తటి తోట గొట్టాన్ని తెచ్చి బోరు మోటారుకు తగిలించినట్టన్నమాట. గొట్టమైతే చిరుగుతుంది. సిరకు ప్రాణముంది కదా, గోడలో కండర కణాలు, కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు పేర్చుకుని తట్టుకుంటుంది. మీ చేతికి తగిలే తాడు అదే.

ఆ పెరుగుదల ఆగాల్సిన చోట ఆగకపోతేనే చిక్కు. గట్టి సిర, ధమని కలిసే అతుకుల దగ్గర, సిరలో పాత కవాటాలున్న చోట రక్తం సుడి తిరుగుతుంది. లోపలి పొర దారిలోకి పెరిగి సన్నబరుస్తుంది. ఎక్కువగా తొలి రెండేళ్లలోనే. వేలితో తాకి దీన్ని పట్టలేం, నాడి బాగానే కొడుతుంటుంది.

కాబట్టి రిపోర్టులో ‘గట్టిగా’ అన్న మాటను వదిలేసి రక్తం పారే వేగం అంకె చూడండి. ఏదో ఒక చోట సెకనుకు 300 సెంటీమీటర్లు దాటినా, పక్క భాగం కన్నా మూడున్నర రెట్లు మించినా సర్జన్‌కి వెంటనే చూపించాలి. గ్రాఫ్ట్‌లో వేగం 45 సెంటీమీటర్ల కన్నా తక్కువకు పడిపోయినా అంతే. ఈ దశలో బెలూన్‌తోనో చిన్న ఆపరేషన్‌తోనో సరిచేయొచ్చు. పూర్తిగా మూసుకున్నాక ఆ సిరను నిలబెట్టడం చాలా కష్టం. ఆరో నెల, ఏడాది స్కాన్లు తప్పించకండి.

మీరు రాయలేదు గానీ, బీడీ, సిగరెట్ ఉన్నాయా? ‘టీ కొట్టు దగ్గర రోజుకి ఒక్కటే డాక్టరుగారూ’ అనే పెద్దాయనలను వారానికి ఇద్దరినైనా చూస్తాను. ఆ ఒక్కటీ వద్దు. పుండు మానిందని ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మీ అంతట మీరు ఆపొద్దు. సాయంత్రానికి పాదం వాస్తే కూర్చున్నప్పుడు ఎత్తులో పెట్టించండి, అది కొన్నాళ్లు ఉంటుంది.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పో తిమ్మిరో మొదలైతే తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన చోటికైనా, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికైనా ఆ గంటలోనే బయల్దేరండి. పాత స్కాన్ రిపోర్టులు వెంట పెట్టుకోండి.