నీరు–సేద్యం: షట్టర్ కదలకున్నా కాలువలో నీరెందుకు తగ్గుతుంది?

ప్రశ్న: కాకతీయ కాలువ నుంచి చీలిన ఉపకాలువ మీద మా ఊరి మైనర్ (పొలాలకు నీరిచ్చే చిన్న కాలువ) ఉంది. యాసంగిలో మా తూము షట్టర్‌ను ఒకే ఎత్తులో నిలిపి తాళం వేశారు. అయినా ఒకరోజు నిండుగా పారిన నీరు మరునాడు సగమే వస్తోంది. షట్టర్‌ను ఎవరూ ముట్టలేదని లష్కర్ (కాలువ కాపలాదారు) అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చా?
– ఒక రైతు, పరకాల

జవాబు: నమ్మవచ్చు. షట్టర్ కింది సందు నుంచి ఎంత నీరు వెళ్తుందన్నది ఆ సందు వైశాల్యంతో పాటు, దాని మీద ఎంత ఎత్తున నీరు నిలిచి ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఒక చదరపు అడుగు సందు మీద, అంటే దాని మధ్యభాగం నుంచి కొలిస్తే, నాలుగడుగుల నీరు ఉన్నప్పుడు సుమారు 9.6 క్యూసెక్కులు పారుతాయి. అదే ఒక్క అడుగు నీరే ఉంటే 4.8 క్యూసెక్కులకు మించవు. నీటి వేగం ఆ ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, ఎత్తు నాలుగో వంతుకు పడిపోయినప్పుడు పారకం సగమవుతుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు కాబట్టి ఈ తేడా మడిలో స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ఈ లెక్క తూము దాటిన నీరు అడ్డు లేకుండా జారిపోయినప్పుడే వర్తిస్తుంది. మైనర్‌లో తూటికాడ, జమ్ము పెరిగి, పూడిక పేరుకుపోయి ఉంటే నీరు వెనక్కి ఎగదన్ని షట్టర్ సందును అవతలి వైపు నుంచి కూడా ముంచేస్తుంది. అప్పుడు లెక్కకు వచ్చేది ఇరువైపుల నీటి మట్టాల మధ్య తేడా మాత్రమే. ఎగువన నాలుగడుగులు, దిగువన మూడడుగులు ఉంటే పనిచేసేది ఒక్క అడుగే. కాబట్టి ఉపకాలువ నిండుగా ఉన్న రోజున కూడా మీకు సగం నీరే అందవచ్చు. ఇలాంటి చోట షట్టర్‌ను ఇంకా పైకి లేపమని పట్టుబట్టడం కన్నా మైనర్‌ను ఊరంతా కలిసి ఒకసారి శుభ్రం చేసుకోవడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

ఇక ఉపకాలువలోనే మట్టం పడిపోతుంటే, మీ తూముకు దిగువన ఉన్న క్రాస్ రెగ్యులేటర్ వైపు చూడాలి. కాలువకు అడ్డంగా షట్టర్లు పెట్టి కట్టే ఆ నిర్మాణం పని, కాలువలో పారకం తక్కువగా ఉన్న రోజుల్లో కూడా ఎగువ తూములకు చాలినంత ఎత్తున నీటిని నిలపడమే. దిగువకు నీరు చాలడం లేదని దాని షట్టర్లను ఒక్కసారిగా లేపితే ఎగువన మట్టం దిగిపోయి, అక్కడి తూములు తెరిచి ఉన్నా ఎండిపోతాయి. నిలిచిన నీరంతా కొద్దిసేపట్లోనే కిందికి పోయాక దిగువ వారికీ ఆ పొంగు నిలవదు. రాత్రిపూట షట్టర్లు లేపడం, విరగ్గొట్టడం వంటివి ఏ ఊరికీ మేలు చేయవు. మీరు వారం రోజులు ఉదయం, సాయంత్రం తూముకు ఎగువన, దిగువన రెండు మట్టాలనూ కొలిచి రాసుకోండి. ఎగువ మట్టం పడిపోతే లోపం ఉపకాలువలో ఉన్నట్టు, దిగువ మట్టం పెరిగితే మీ మైనర్‌లో ఉన్నట్టు. ఆ కాగితంతో ఇంజనీరు దగ్గరకు వెళ్తే మాటకు ఆధారం ఉంటుంది.

ప్రశ్న: శ్రీరామసాగర్‌కు 42 గేట్లు, దిగువ మానేరుకు 20 గేట్లు ఉన్నాయి. మరి మన చెరువుల మత్తడికి (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే కట్టడానికి) తలుపులు ఎందుకు పెట్టరు? పెడితే ఇంకా ఎక్కువ నీరు ఆపుకోవచ్చు కదా?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మత్తడి మీదుగా పొర్లే నీటి తీరు షట్టర్ కింద పారే నీటి తీరుకు పూర్తిగా భిన్నం. షట్టర్ కింద నీటి ఎత్తు రెట్టింపైతే పారకం సుమారు 1.4 రెట్లే అవుతుంది. మత్తడి మీద ఎత్తు రెట్టింపైతే పారకం 2.8 రెట్లవుతుంది. నూరడుగుల మత్తడి మీద ఒక అడుగు ఎత్తున పొర్లేటప్పుడు దాదాపు 300 క్యూసెక్కులు పోతే, రెండడుగుల ఎత్తున 850 వరకు పోతాయి. అంటే వరద పెరిగేకొద్దీ మత్తడి తనంతట తానే ఎక్కువ నీటిని వదిలిపెట్టి కట్టను కాపాడుతుంది. అర్ధరాత్రి కుండపోతగా వాన పడినప్పుడు ఏ మనిషీ వచ్చి తలుపు తీయాల్సిన అవసరం లేకపోవడం చిన్న విషయం కాదు. పాకాల, రామప్ప వంటి కాకతీయుల నాటి చెరువులు దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా మన పొలాలను తడుపుతున్నాయంటే, ఆనాటి వారు పారించే పనిని తూముకు, కాపాడే పనిని మత్తడికి వేరుగా అప్పగించిన ఆలోచనకు అందులో పెద్ద వాటా ఉంది.

పెద్ద నది మీది ప్రాజెక్టు సంగతి వేరు. గోదావరి వరదను పంపడానికి తలుపుల్లేని మత్తడి ఒక్కటే కట్టాలంటే అది ఎంతో పొడవుండాలి, లేదా నీటి మట్టం చాలా పెరిగి ఎగువన మరిన్ని ఊళ్లు మునగాలి. అందుకే గేట్లు. వాటితో వరద రాకముందే జలాశయాన్ని కొంత ఖాళీ చేయవచ్చు. కానీ రాత్రింబగళ్లు మనుషులు, కరెంటు, ముందస్తు సమాచారం ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. మరికొంత నీరు నిలవాలన్న ఆశతో మత్తడి మీద ఇసుక బస్తాలు, చెక్కలు పేర్చే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. మత్తడికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలిన ఎత్తు వరద కోసం ఉంచినది. దాన్ని బస్తాలతో నింపేస్తే పొర్లాల్సిన నీరు కట్ట మీదికెక్కుతుంది. మట్టికట్ట మీదుగా నీరు దూకడం మొదలైతే గండి పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. దయచేసి ఆ పని చేయవద్దు.

ప్రశ్న: పోచంపాడులో (శ్రీరామసాగర్ ప్రాజెక్టు వద్ద) నీరు వదిలారని పేపర్లో వచ్చిన ఎన్ని రోజులకు మా నారుమడి దున్నుకోవాలి?
– ఒక రైతు, వర్ధన్నపేట

జవాబు: పోచంపాడు నుంచి దిగువ మానేరు వరకే కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు. నీరు సెకనుకు మూడడుగుల వేగంతో పారుతుందనుకున్నా అంత దూరానికి 44 గంటలు పడుతుంది. ఎండిన కాలువైతే అది నిండాలి, మట్టి తాగాలి, కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది. మీకు మేలు చేసేది మానేరు జలాశయమే. అక్కడ నిల్వ ఉంటే పోచంపాడు నీటి కోసం ఎదురుచూడకుండా వరంగల్ వైపు కాలువకు వదలవచ్చు. అందువల్ల పోచంపాడు వార్తను కాక, మానేరు నుంచి మీ వైపు ఎప్పుడు వదిలారో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత కూడా మీ ఉపకాలువ మొదట్లో ఉన్న కొలబద్ద మీద నీరు నిర్ణీత మట్టానికి చేరి, రెండు రోజులు తగ్గకుండా నిలిచాకే దుక్కి మొదలుపెట్టండి.