టెక్ సందేహాలు: ప్లంబరు ఫేస్‌బుక్‌లో ఎలా ప్రత్యక్షమయ్యారు?

ప్రశ్న: మా ఇంట్లో కొళాయి బాగుచేసిన ప్లంబరు ఫొటో వారం తిరగకుండానే నా ఫేస్‌బుక్‌లో, తెలిసినవారు కావచ్చంటూ చూపించే వరుసలో కనిపించింది. మా ఇద్దరికీ ఉమ్మడి స్నేహితులు లేరు. ఆయన పేరు నేను వెతకలేదు, నా కాంటాక్టులను అప్‌లోడ్ చేయనూ లేదు. ఫోన్ మా మాటలు విన్నదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మైక్రోఫోన్‌ను అనుమానించనక్కర్లేదు. ఆయనను పిలవడానికి మీరు ఫోన్ చేసి ఉంటారు. బహుశా ఆ నంబరే కారణం. మీరు కాంటాక్టులు ఇవ్వకపోయినా, ఆయన మీ నంబరును సేవ్ చేసుకుని తన ఫోన్‌లోని ఫేస్‌బుక్‌కు కాంటాక్టుల అనుమతి ఇచ్చి ఉంటే, అది సంస్థ సర్వర్లకు చేరుతుంది. ఖాతా తెరిచినప్పుడు మీరిచ్చిన నంబరుతో అది సరిపోలిందంటే, మీ ఇద్దరికీ పరిచయం ఉండవచ్చని సాఫ్ట్‌వేర్ లెక్క వేస్తుంది.

సోషల్ నెట్‌వర్క్ తన సభ్యులను బిందువులుగా, వారి మధ్య పరిచయాలను గీతలుగా దాచుకుంటుంది. మీకు 200 మంది స్నేహితులు, వారిలో ఒక్కొక్కరికీ మరో 200 మంది ఉన్నారనుకుంటే, రెండో అడుగులోనే 40,000 పేర్ల వరకు తేలతాయి. వాటిలో ఎవరిని ముందు చూపాలో తేల్చడానికి ఉమ్మడి స్నేహితుల సంఖ్య, చదివిన కళాశాల, పనిచేసే చోటు, చేరిన గ్రూపులు, ఒకే ఫొటోలో ట్యాగ్ కావడం వంటి ఆధారాలను బేరీజు వేస్తారు. ఈ గీతలు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే, 2011లో ఫేస్‌బుక్, మిలాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 72 కోట్ల మంది సభ్యులను పరిశీలించగా, ఏ ఇద్దరి మధ్యనైనా సగటు దూరం 4.74 గీతలేనని తేలింది.

ఇక చేయగలిగింది చూద్దాం. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో, ఇతరులు మిమ్మల్ని ఎలా కనుగొని సంప్రదించవచ్చో నిర్ణయించే విభాగంలో, ఫోన్ నంబరు ద్వారా వెతికే వీలును ‘నాకు మాత్రమే’ అని మార్చండి. ఈమెయిల్‌కూ అలాగే చేయండి. కాంటాక్టుల అప్‌లోడ్ ఆపి ఉందో లేదో మరోసారి చూసుకోండి. అయితే ఎదుటివారి ఫోన్‌లో ఉన్న మీ నంబరుపై ఈ మార్పులకు అధికారం లేదు కనుక సూచనలు తగ్గవచ్చేమో గాని పూర్తిగా ఆగుతాయని నేను చెప్పలేను. ఒకరి అనుమతితో మరొకరి నంబరు కూడా వెళ్లిపోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపమని నా అభిప్రాయం.

ప్రశ్న: ఉమ్మడి స్నేహితులు పదిమంది ఉన్నారంటే రిక్వెస్టును నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: నమ్మకూడదు. నకిలీ ఖాతాలు తెరిచేవారు ముందుగా, ఎవరు అడిగినా కాదనని మీ బంధుమిత్రులకు రిక్వెస్టులు పంపుతారు. వారిలో కొందరు ఒప్పుకోగానే ఆ పేర్లే మీ దగ్గర హామీ సంతకాల్లా కనిపిస్తాయి. ఇప్పటికే మీ స్నేహితుల్లో ఉన్నవారి పేరు, ఫొటోతో మళ్లీ కొత్త రిక్వెస్టు వస్తే మరీ జాగ్రత్త అవసరం. ఒప్పుకునే ముందు వారికే ఫోన్ చేసి అడగండి. రిక్వెస్టును తొలగిస్తే అవతలివారికి నోటిఫికేషన్ వెళ్లదు కాబట్టి మొహమాట పడనక్కర్లేదు.